నేను తూకానికి నిలబడిన చోటు

ఆర్కిటిక్ వలయం లోపల నేను ఉన్నది మొత్తం నాలుగు రోజులు. అందులో ఒక పగలు, మర్నాడు పొద్దున్న ఒక చిన్న విమానాశ్రయంలో చెక్క బెంచీ మీద గడిచాయి. తక్కిన రోజులు రొయ్యల ఫ్యాక్టరీలో గడిచాయి. వాటి గురించి కంపెనీకి నివేదిక రాసిచ్చాను కాబట్టి ఇక్కడ రాసేది బెంచీ గురించే. తిరిగొచ్చాక అందరూ మంచు ఎలా ఉంది, తెల్ల ఎలుగుబంటిని చూశారా అని అడిగారు. మంచు దూరంగా కనిపించింది. ఎలుగుబంటి కనిపించలేదు. దోమలు మాత్రం చాలా దగ్గరగా కనిపించాయి.

వెళ్ళిన పని గురించి రెండు ముక్కలు. విశాఖపట్నంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో నాణ్యత చూసే అధికారిని. గ్రీన్‌లాండు పడమటి తీరంలో రొయ్యని మనిషి చెయ్యి తగలకుండా వలిచే యంత్రాలున్నాయని, చూసి రమ్మని 2016 జూలైలో నన్ను పంపారు. మా వంశంలో జీతానికి పనిచేసినవాళ్ళలో నేను రెండోవాణ్ణి. మొదటివారు మా నాన్నగారు. చీపురుపల్లికి ఆరు మైళ్ళ దూరంలో మాకొక చిన్న ఎస్టేటు ఉండేది. చుట్టుపక్కల వాళ్ళు మా ఇంటిని దివాణం అనేవారు. ఎస్టేటు జమీందారీల రద్దు చట్టంతో పోయింది. మిగిలిన భూములు దావాలతో పోయాయి. మేడ ఉన్న చోట ఇప్పుడు పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే హాలు ఉంది. ఎవరైనా జాలిపడాలని ఇది చెప్పడం లేదు. తరవాత జరిగింది అర్థం కావాలంటే ఈ మాత్రం తెలిసి ఉండాలి.

పొగమంచు

కోపెన్‌హాగెన్ నుంచి పెద్ద విమానం, గ్రీన్‌లాండులో దిగాక అంతకన్నా చిన్న విమానం ఎక్కి ఈ ఊరు చేరాను. ఇక్కడ మూడు గంటలు ఆగి, మరీ చిన్న విమానంలో ఫ్యాక్టరీ ఉన్న ఊరికి వెళ్ళాలి. ఈ ఊరి పేరు రాయడం లేదు. గొంతులోంచి తీసి ముక్కులో ఆపే రెండు మూడు అక్షరాలు అందులో ఉన్నాయి. తెలుగులో పెడితే ఆ ఊరివాళ్ళే పోల్చుకోలేరు.

విమానాశ్రయమంటే ఎర్ర రంగు వేసిన ఒక చెక్క ఇల్లు. చీపురుపల్లి స్టేషన్లో టికెట్ల గదీ, దాని పక్కన ప్రయాణికులు కూర్చునే గదీ కలిపితే ఎంతో అంత. ముందు కంకర పరిచిన రన్‌వే. ఒక పక్క సముద్రం, అందులో మేడలంత మంచుగడ్డలు కదలకుండా నిలబడి ఉన్నాయి. రెండో పక్క బోడి రాళ్ళు. వాటి మధ్య ఎరుపు, నీలం, పసుపు రంగుల ఇళ్ళు నలభై దాకా ఉంటాయి. కట్టేసిన కుక్కలు అప్పుడప్పుడు అన్నీ ఒక్కసారే ఏడ్చి, ఒక్కసారే ఊరుకునేవి.

అక్కడి ఉద్యోగులందరూ కలిసి ఒక్కడే. పేరు నీల్స్. టికెట్లు చూస్తాడు, పసుపు కోటు తొడుక్కుని బయటికెళ్ళి విమానానికి చేతులు ఊపుతాడు, సామాను దించి బండి మీద లాక్కొస్తాడు, కోటు విప్పి మళ్ళీ బల్ల వెనక కూర్చుని వాతావరణం గురించి రేడియోలో మాట్లాడతాడు. మన దగ్గర ఈ పనులకి ఎనిమిదిమంది, ఆ ఎనిమిదిమందిని చూసుకోడానికి ఇద్దరు ఉంటారు. పని కూడా ఇంత నిశ్శబ్దంగా జరగదు.

దిగిన పావుగంటకి సముద్రం మీంచి పొగమంచు వచ్చి రన్‌వేని కప్పేసింది. గోడ మీది తెల్లబోర్డులో మా విమానం వేళ రాసి ఉంది. నీల్స్ దాన్ని చేత్తో తుడిచేసి ఒక గీత గీశాడు.

“రేపు,” అన్నాడు. అతనికీ నాకూ మధ్య భాష ఇంగ్లీషు, ఇద్దరికీ అంతంతమాత్రం.

“రేపు ఎన్ని గంటలకి?” అని అడిగాను.

అతను కిటికీ వైపు వేలు చూపించాడు. అడగవలసింది తనని కాదని.

విజయనగరంలో దర్జీ చేత కుట్టించిన దళసరి ఉన్ని కోటు, చేతులకి తొడుగులు, చెవులు మూసే టోపీ తీసుకువెళ్ళాను. మన అరకులో పుష్యమాసపు పొద్దున్న ఎంత చలో అక్కడ జూలైలో అంత చలి, ఎక్కువ లేదు. కాస్త నడిచొద్దామని బయటికి వెళ్ళాను. రాళ్ళ మధ్య నిలిచిన మంచునీటి మడుగుల మీంచి దోమలు లేచాయి. మన గోదాముల వెనక కాలవ దగ్గర కూడా ఇన్ని చూడలేదు. నోరు తెరిస్తే నోట్లోకి, ఊపిరి పీలిస్తే ముక్కులోకి వచ్చాయి. ఆ ఊరివాళ్ళు తల మీంచి భుజాల దాకా వల తొడుక్కుని తిరుగుతున్నారు. విమానాశ్రయంలోనే అమ్ముతారు, ఒక్కొక్కటి ఎనభై క్రోన్లు. మన డబ్బులో ఎనిమిది వందలు. తల మీద వల వేసుకుని తిరగడం నావల్ల కాదనుకున్నాను. గంట తరవాత కొనుక్కున్నాను.

కాఫీ ఇరవై ఐదు క్రోన్లు

హాలు మూల ఒక చిన్న దుకాణం. దాన్ని నడిపేది ఒక ఆవిడ. అరవై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, బుగ్గలు ఎండకి కమిలి రాగిరంగులో ఉన్నాయి. కాగితం కప్పుతో కాఫీ రెండు వందల యాభై రూపాయలు. అరటిపండు ఒక్కటి వంద. మచ్చలు పడిన ఆ అరటిపండు నాకంటే ఎక్కువ దేశాలు తిరిగి వచ్చి ఉంటుంది. నల్లరొట్టె మీద ఉడికించిన గుడ్డూ, చిన్న రొయ్యలూ పెట్టి ఇచ్చేది ఆరువందల యాభై. పౌను బరువుకి రెండొందల యాభై రొయ్యలు తూగే రకమని చూపుతోనే తెలిసింది. ఉద్యోగం అలాంటిది, తినేముందు కన్ను లెక్కపెడుతుంది.

అన్నిటికన్నా నన్ను ఆపింది చాక్లెట్ల పక్కన పెట్టిన ప్లాస్టిక్ సంచులు. వాటిలో ఎండబెట్టిన చిన్న చేపలు. మన నెత్తళ్ళే, కాస్త పొడుగు. అక్కడివాళ్ళు వాటిని వండరు. మనం చేగోడీలు నమిలినట్టు తలతో సహా నములుతూ విమానం కోసం చూస్తుంటారు. మా ఇంట్లో ఎండుచేప పెరటి పొయ్యి మీదే ఉడకాలి, అదీ ఇంటికి చుట్టాలు రాని రోజున. ఇక్కడ గర్భవతి అయిన ఒక పిల్ల, మెడలో శిలువ వేసుకున్న ఫాదరు, ఇద్దరు పంతులమ్మలు ఒకే సంచిలో చెయ్యి పెట్టి తింటున్నారు.

“మీ దేశంలో ఉంటాయా ఇవి?” అని అడిగింది దుకాణం ఆవిడ.

“ఉంటాయి.”

“తింటారా?”

“తింటాం,” అన్నాను. ఎలా, ఎక్కడ అన్నది ఆవిడకి అనవసరం.

ఇంకొకటి గమనించాను. ఊళ్ళోంచి వచ్చే ప్రతివాళ్ళూ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్ళతోనే హాల్లో తిరుగుతున్నారు. మనకి ఇది కొత్త కాదు. కానీ విమానాశ్రయంలో బూట్లు విప్పడం నేను మొదటిసారి చూశాను. నేనూ విప్పాను. ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిరుగుందని అప్పుడు తెలిసింది. ఆ రోజంతా కుడికాలు ఎడమకాలి మీద వేసుకుని కూర్చున్నాను.

నాలుగు గంటల తరవాత

హాల్లో రెండో చివర ఒక మనిషి ఉన్నాడు. ముప్ఫై ఎనిమిదీ నలభై మధ్య వయసు, నీలం జాకెట్టు, పక్కన ఓడ మనుషులు మోసే పొడుగాటి గుడ్డసంచి. లేచినప్పుడూ కూర్చున్నప్పుడూ కుడిపక్క పొట్ట మీద చెయ్యి వేసుకుంటున్నాడు. కాఫీ కొనుక్కుని ఒక గుక్క తాగి, తనలో తను అన్నాడు.

“ఓలమ్మా, ఏటి సేదురా ఇది.”

విన్నాను. తల తిప్పి పలకరించవచ్చు. మా ఇంట్లో పెద్దవాడు ముందుగా పలకరించడం లేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. అతనూ నన్ను చూసి పోల్చుకున్నాడని నాకు తెలుసు. ఎందుకంటే నా చేతిలో స్టీలు డబ్బా ఉంది, అందులో జంతికలున్నాయి. భూమి చివర ఒకే గదిలో ఇద్దరు తెలుగువాళ్ళం నాలుగు గంటలు మాట్లాడకుండా కూర్చున్నాం.

చివరికి అతనే వచ్చాడు.

“బాబూ, అవి జంతికలేనా?”

“అవును. తీసుకోండి.”

“నాలుగు గంటల నుంచి సూస్తన్నాను. అడగొచ్చో అడక్కూడదో అని.” రెండు తీసుకుని పక్కన కూర్చున్నాడు. “మీది ఏ ఊరు బాబూ?”

“చీపురుపల్లి దగ్గర.”

“సీపురుపల్లా. మరి సెప్పరేటి. మాది భావనపాడు అవతల పల్లి. లోకనాథం నా పేరు. మా యమ్మ ఎండుసేపల గంపెట్టుకుని, పాసింజరు బండెక్కి మీ సంతకొచ్చీది. సిన్నప్పుడు నాను కూడా వచ్చినాను. సీపురుపల్లిలో ఎవులబ్బాయి బాబూ మీరు?”

చెప్పాను. అతను నమలడం ఆపాడు.

“దివాణమా?”

“అవును.”

చేతులు ప్యాంటుకి తుడుచుకుని జానెడు దూరం జరిగాడు. ఒక నిమిషం అయ్యాక మళ్ళీ మొదటి చోటికే జరిగి కూర్చున్నాడు.

“ఓడ మీద మా కేప్టెను మెస్సులో మా పక్కనే కూకుంటాడండి. అలవాటైపోనాది. ఏటనుకోకండి,” అన్నాడు.

“ఏమీ అనుకోలేదు.”

అప్పటికే మీరు అనేశాను. ఇంటి దగ్గరైతే ఆ మాట వచ్చేది కాదు. తెలిశాక మార్చడం బాగుండదని, ఆ తరవాత ఎలాగూ పిలవకుండా నెట్టుకొచ్చాను.

నా ఉద్యోగం గురించి చెప్పాను, రొయ్యల్ని తూచడమే అందులో సగమని. అతని సంగతి ఇది. సరుకు ఓడ మీద పని. పన్నెండు రోజుల కిందట సముద్రంలో కడుపునొప్పి వస్తే, ఓడ ఈ ఊరి దగ్గర ఆగి అతన్ని దించేసి వెళ్ళింది. ఊళ్ళో ఉన్న చిన్న ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. ఓడ ఇప్పుడు నేను వెళ్ళవలసిన ఊళ్ళోనే, రొయ్యల ఫ్యాక్టరీ రేవులో సరుకు ఎక్కించుకుంటోంది. మర్నాడు సాయంత్రం ఆరింటికి బయలుదేరుతుంది.

“అప్పటికి నాను ఎక్కాల. ఎక్కకపోతే సైనాఫని పేరు కొట్టీసి ఇంటికి అంపేస్తారు. ఈ ఓడ కోసం బొంబాయిలో రెండేళ్ళు కూకున్నాను బాబూ. ఇంకా ఏడు నెల్ల కంట్రాక్టు ఉన్నాది. కడుపు కోసినోడు దిగిపోనాడంటే మళ్ళీ ఏ ఏజెంటు పిలుస్తాడు?”

“రేపు మంచు విడిపోతుంది,” అన్నాను, ఏమీ తెలియకపోయినా.

“ఇడిపోవాల,” అన్నాడు.

సూర్యుడు అస్తమించలేదు. కిటికీ తెరలు వేసి బెంచీల మీద పడుకున్నాం.

తొంభై ఆరు

పొద్దున్న ఎనిమిదింటికి రన్‌వే చివరిదాకా కనిపించింది. నీల్స్ తెల్లబోర్డు మీద పది గంటలు అని రాశాడు. దాని కింద తొమ్మిదిమంది పేర్లు వరసగా రాశాడు. చివరి పేరు లోకనాథానిది. ఓడ కంపెనీ ఏజెంటు ఆలస్యంగా టికెట్టు తీశాడట.

అప్పుడు నీల్స్ బల్ల పక్కనున్న చాప తీశాడు. కింద నేలకి సమంగా ఒక ఇనప పలక ఉంది. మన దగ్గర ధాన్యం బస్తాలు తూచే కాటా లాంటిదే. అంకెలు మాత్రం గోడ మీద ఒక పెట్టెలో, అరచెయ్యంత పెద్దవి, ఎర్రగా వెలుగుతాయి. హాల్లో ఏ మూల కూర్చున్నా కనిపిస్తాయి. తొమ్మిది సీట్ల విమానం, కంకర రన్‌వే, ఎంత బరువు మోయగలదో అంతే ఎక్కించాలి. అందుకని సామానుతో పాటు మనుషుల్నీ తూస్తారు.

ఒక్కొక్కరే ఎక్కారు. గర్భవతి పిల్ల ఎక్కి, అంకె చూసి, పొట్ట మీద కొట్టుకుని నవ్వింది. ఫాదరు ఎక్కాడు. పంతులమ్మలు ఒకరి అంకె ఒకరు చదివి ఎగతాళి చేసుకున్నారు. భుజాన తుపాకీతో ఒక ముసలి వేటగాడు ఎక్కాడు. తుపాకీ కూడా లెక్కే. ప్రతి పేరు పక్కనా నీల్స్ అంకె వేస్తున్నాడు.

నా వంతు వచ్చింది.

“నా బరువు అరవై ఐదు. రాసుకోండి,” అన్నాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా తాతగారి రోజుల నుంచి దివాణం గేటు దాటి తక్కెడ లోపలికి వచ్చేది కాదు. ధాన్యం కుంచంతో కొలిచేవారు, కూరలు గంపలతో వచ్చేవి, కంసాలి నగ చేస్తే తన ఇంటి దగ్గరే తూచుకుని తేవాలి. తూచి తీసుకోవడం, తూచి ఇవ్వడం బేరం చేసేవాళ్ళ పని అని తాతగారి అభిప్రాయం. ఇక మనుషుల్ని తూచడమనే మాటే లేదు. బళ్ళో డాక్టరు వచ్చిన రోజున మాస్టారు నా బరువు అందాజుగా వేసుకునేవారు. పెద్దయ్యాక ఎవరైనా అడిగితే అరవై ఐదు అనేవాణ్ణి. మా నాన్నగారు అదే చెప్పేవారు కాబట్టి. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా నేను కాటా ఎక్కలేదు.

నీల్స్ తల అడ్డంగా ఊపాడు. “మీరు చెప్పింది రాయకూడదు. ఎక్కండి. ఎక్కనంటే పుస్తకంలో ఒక అంకె ఉంది. మగవాడికి తొంభై ఆరు.”

“అదే వేసుకోండి.”

వేసుకున్నాడు. వాదించలేదు, మర్యాద తప్పలేదు. నేను బెంచీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. పద్ధతి నిలబడిందనుకున్నాను.

లోకనాథం ఎక్కాడు, దిగాడు. నీల్స్ అన్నీ కూడాడు, మళ్ళీ కూడాడు. తరవాత చివరి పేరు మీద అడ్డంగా గీత కొట్టి, లోకనాథాన్ని పిలిచి ఏదో చెప్పాడు. అతను తన గుడ్డసంచి చూపించి, అది ఇక్కడే వదిలేస్తానన్నట్టు చేతులతో చెప్పాడు. నీల్స్ అప్పటికీ తల అడ్డంగానే ఊపాడు.

కాటా

లోకనాథం నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఈసారి కూర్చోలేదు.

“ముప్పై కిలోలు ఎక్కువొచ్చినాదంట బాబూ. సంచీ ఒగ్గేస్తానన్నా సాలదంట. మల్లీ ఇమానం ఎల్లుండంట,” అన్నాడు. “మీరొక్కసారి కాటా ఎక్కండి.”

“మా ఇంట్లో ఆ పద్ధతి లేదు.”

“మీ ఇల్లు ఇక్కడ ఎక్కడున్నాదండీ?”

నేను జంతికల డబ్బా మూత బిగించాను.

“ఎక్కితే అరిగిపోతారేటి? మిమ్మల్ని కొనీవోడెవడూ నేడు బాబూ ఇక్కడ. ఎక్కడం, దిగీడం. అంతే.”

“అది కాదు సంగతి.”

“మీ ఉజ్జోగమే తూకం అన్నారు గదా నిన్న. రొయ్యల్ని రోజూ తూస్తారు.”

“అది వేరు.”

“రొయ్యలు వేరు, మీరు వేరు. మద్దిన దిగిపోయీవోణ్ణి నాను,” అన్నాడు. గొంతు పెంచలేదు. చెయ్యి మళ్ళీ పొట్ట మీదికి వెళ్ళింది.

నాకు ఒక దారి తోచింది. అది మంచి దారి అనే అనుకున్నాను.

“నేను దిగిపోతాను. నా సీటు ఇచ్చేస్తాను. నేను ఎల్లుండి వస్తాను,” అన్నాను.

అతను వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

“ఇద్దరం ఎల్లే దారుండగా ఒకళ్ళు దిగీడం ఎందుకు బాబూ? మీ పని సెడగొట్టుకుని నాకు సీటు దానం ఇస్తారు గాని, ఒక్క నిమిషం కాటా ఎక్కరు.” పక్కనున్న బెంచీ చివర కూర్చున్నాడు. “మా యమ్మకీ మీ గేటు కాడ ఇలాగే.”

“ఎలా?”

“సంతకొచ్చిన రోజున మీ పక్కగేటుకి గంపట్టుకొచ్చీది. లోపలికి తక్కెడ రాకూడదు గదా. మీ నాయనమ్మగారు అరుగు మీంచి సూసి, ఉంచు అనీవోరు. దాసీది సేటతో బియ్యం తెచ్చి మా యమ్మ సెంగులో పోసీది. అంతే, ఎల్లిపో.”

ఆ దృశ్యం నాకూ గుర్తుంది. పక్కగేటు, అరుగు, చేట అన్నీ గుర్తున్నాయి. గేటుకి అవతల నిలబడ్డ మనిషి ముఖం మాత్రం గుర్తు రాలేదు.

“మా నాయనమ్మగారు ఏనాడూ బేరమాడలేదు,” అన్నాను.

“మా యమ్మ కూడా ఆడనేదు బాబూ. ఆడనిచ్చీవోరు కాదు గదా.”

“తక్కువ ఇచ్చి ఉండరు.”

“ఎక్కువిచ్చేరేమో. నాకేటి తెలుసు? తూస్తే తెలిసీది.”

గోడ మీది గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. దూరంగా విమానం చప్పుడు వినిపించింది. నీల్స్ పసుపు కోటు తొడుక్కుంటున్నాడు. అది తొడుక్కుని బయటికి వెళితే ఇక అంకెలు మారవని నాకు అర్థమైంది. లేచాను. ఎడమ మేజోడు సంగతి గుర్తుంది, అయినా బూట్లు వెతుక్కోవడానికి సమయం లేదు. హాలు మధ్యలోంచి నడిచి వెళ్ళి ఆ ఇనప పలక మీద నిలబడ్డాను. చల్లగా ఉంది. బొటనవేలు ఇనుముకి తగిలింది.

ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి ఆగాయి. యాభై ఏడు. కోటుతో, జేబులో ఉన్న జంతికల డబ్బాతో కలిపి.

హాల్లో అందరూ చూశారు. వేటగాడు వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. దుకాణం ఆవిడ తన బల్ల వెనక నుంచి ఇంగ్లీషులో చెప్పింది. “అంత బరువున్న సీలు దొరికితే ఇంకా ఎదగాలని నీళ్ళలో వదిలేస్తామంటున్నాడు.”

నాకు నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. ఇన్నేళ్ళూ చెప్పుకున్న అరవై ఐదు అన్న అంకె ఎక్కడిదని ఒక్క క్షణం ఆలోచించాను. నీల్స్ తొంభై ఆరు తుడిచి యాభై ఏడు వేశాడు. కూడాడు. కొట్టేసిన పేరుని మళ్ళీ రాశాడు. లోకనాథం స్పెల్లింగు ఈసారి కూడా తప్పే.

బూట్లు తొడుక్కుంటుంటే దుకాణం ఆవిడ వచ్చి ఒక కేకు ముక్క నా చేతిలో పెట్టింది. డబ్బులు తీస్తే వద్దంది. నీల్స్ తలుపు దగ్గరి నుంచి అరిచాడు, “తూకం అయిపోయింది, ఇప్పుడు తినవచ్చు.”

లోకనాథం థాంక్స్ చెప్పలేదు. చెప్పనందుకు నాకు తేలికగా ఉంది.

రేవు

విమానంలో యాభై నిమిషాలు. కింద నీలం సముద్రంలో మంచుగడ్డలు, వాటి మధ్య ఒక్క పడవ. పక్కసీట్లో లోకనాథం పొట్ట మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు. నోరు తెరిచి గురక పెట్టాడు. దిగిన ఊరి విమానాశ్రయం ఇంతకు ముందుదానికంటే కొంచెం పెద్దది, కాఫీ ఇంకో అయిదు క్రోన్లు ఎక్కువ. కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. తుప్పు కారిన ఒక నీలం ఓడని చూపించి, అదే తనదన్నాడు. ఏజెంటు మనిషి వ్యాను తెచ్చి బయట ఉన్నాడు.

అక్కడ ఫోనుకి ఇంటర్నెట్టు అందింది. మన దగ్గర అప్పుడు సాయంత్రం ఆరున్నర. లోకనాథం నిలబడే వాళ్ళమ్మకి ఫోను చేశాడు.

“అమా, అందుకున్నాను. ఓడ కనిపిస్తన్నాది... బాగున్నాను. కుట్లు బాగున్నాయి... సీపురుపల్లి దివాణం బాబుగారొకలు ఉన్నారు. ఆయన కాటా ఎక్కబట్టి వచ్చినాను... అవును, కాటాయే. నువ్వు మాటాడు.”

ఫోను నా చేతికిచ్చాడు. అవతల టీవీ సీరియలు చప్పుడు, తరవాత ఎవరో దాన్ని తగ్గించిన చప్పుడు.

“బాబూ, బాగున్నారా?” అంది ఆవిడ. పెద్ద వయసు గొంతు, అయినా సంతలో అరిచిన గొంతు. “కాటా ఎక్కేరంట.”

“ఎక్కానమ్మా.”

“ఎంత తూగేరు?”

“యాభై ఏడు.”

“మీ నాయనమ్మగారు దిట్టంగా ఉండీవోరు,” అంది.

ఏం అడగాలో ముందే అనుకోలేదు. నోటికి వచ్చింది అడిగాను. “మా ఇంటి దగ్గర మీకు బియ్యం సరిగ్గా ఇచ్చేవారా?”

“నాను తూసుకునే వచ్చీదాన్ని బాబూ. సంతలో సావుకారు కాటా మీద సేపలు తూసుకుని, అప్పుడు మీ గేటుకొచ్చీదాన్ని. ఎల్లీటప్పుడు బియ్యం మళ్ళీ ఆ కాటా మీదే తూసుకునీదాన్ని. ప్రెతీసారీ.”

“మా ఇంట్లో తెలుసా?”

“మీకు సెప్తారేటి?” అని నవ్వింది.

“ఎలా వచ్చేది తూకం?”

టీవీ చప్పుడు మళ్ళీ వినిపించింది. “ఇప్పుడెందుకు బాబూ అవి. మావోడు ఓడెక్కీస్తన్నాడు గదా. మీరు ఏటైనా తినండి.”

లోకనాథం ఫోను తీసుకున్నాడు. సంచి భుజానికెత్తబోతే ఏజెంటు మనిషి అందుకున్నాడు. “ఉంటాను బాబూ,” అని వ్యాను వైపు నడిచాడు. సాయంత్రం ఆరింటికి ఫ్యాక్టరీ కిటికీ దగ్గర నిలబడి ఓడ కదలడం చూశాను. ఆ పొద్దు నా ముందు యంత్రం రొయ్యల్ని గ్రాముల లెక్కన వేరుచేస్తోంది, ఒక్కటి కూడా తప్పిపోవడం లేదు. లోకనాథం వాళ్ళమ్మకి ఆ బియ్యం తూకాలన్నీ గుర్తున్నాయి. తక్కువ వచ్చేదో ఎక్కువ వచ్చేదో చెప్పకుండా, ఊహించుకోవడం నాకు వదిలేసింది.